ఇరవై ఒక్క ఇళ్ళ లెక్క

కాకినాడ,
2-9-2025.

ప్రియమైన సూర్యానికి,

నీ ఉత్తరం ఆషాఢంలో అందింది, జవాబు భాద్రపదంలో వ్రాస్తున్నాను. మధ్యలో శ్రావణం మొత్తం ఏమయిందని నువ్వు నిలదీసే లోపే తప్పు ఒప్పుకుంటున్నాను. కుడికంటికి శుక్లం తీయించుకున్నాను, చూపు బాగానే ఉంది. మా ఆవిడ మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. పెద్దవాడికి విజయనగరం బదిలీ అయింది. పెరట్లో మామిడిచెట్టుకు ఈసారి కాపు లేదు. ఇంటి కబుర్లు ఇంతటితో సమాప్తం, ఎందుకంటే వినాయక చవితి నాడు మా ఇంట్లో జరిగినది నీకు చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

నాలుగేళ్ళ మనవడిని మధ్యాహ్నాలు నీ దగ్గర వదిలి వెళుతున్నారనీ, వాడిని కూర్చోబెట్టి ఏమి నేర్పాలో తోచక ఖరగ్‌పూర్ బజారులో అక్షరాలు దిద్దే పుస్తకాలు అరడజను కొన్నాననీ, వాడు వాటిని చింపి పడవలు చేయించుకుంటున్నాడనీ వ్రాశావు. పడవలు చేయడం నేర్చుకుంటున్నాడు కదా, నీకు వచ్చిన నష్టమేమిటని ఆనాడే ఒక కార్డు ముక్క వ్రాయవలసింది. కానీ అప్పటికి నాకే ఏమీ తెలియదు. ముప్పై నాలుగు సంవత్సరాలు బ్యాంకులో నోట్లు లెక్కపెట్టినవాడిని, ఐదున్నర సంవత్సరాల పిల్లకు లెక్క నేర్పడం ఎంతసేపని ధీమాగా ఉన్నాను.

మా బుజ్జమ్మ యూకేజీలో ఉంది. వాళ్ళ బడిలో ఒకటి నుంచి వంద వరకు అంకెలు నాలుగేసి సార్లు వ్రాసి తెమ్మని ఇంటికి పంపుతారు. పిల్ల ఇంగ్లీషులో వంద వరకు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుంది. తెలుగులో చెప్పమంటే ఇరవై తొమ్మిది వరకు వచ్చి, ఆ తరువాత ఠీవిగా ‘ఇరవై పది’ అంటుంది. మొదటిసారి విన్నప్పుడు నేను నవ్వాను గాని, ఆలోచిస్తే ఆ మాటలో తప్పు ఎక్కడుంది చెప్పు? ఇరవై మీద తొమ్మిది తరువాత ఇరవై మీద పదే కదా వచ్చేది. ముప్పై అని పేరు మార్చినది మనమే.

వేసవిలో అటక దులుపుతుంటే మా అమ్మ నాటి వామనగుంటల పీట దొరికింది. ఒక వరుసకు ఏడు గుంటలు, రెండు వరుసలు, పనసచెక్క. ఏడు చింతపిక్కలు పట్టుకురా తల్లీ అన్నాను. పిల్ల వెళ్ళి గుప్పెడు పట్టుకొచ్చింది. లెక్కపెట్టమంటే నోరు పన్నెండు దగ్గర ఉన్నప్పుడు వేలు తొమ్మిదో పిక్క మీద ఉంది. సరే, నెమ్మదిగా ఒక్కొక్కటి పక్కకు జరుపుతూ ఏడు లెక్కపెట్టించి, ‘ఇప్పుడు ఎన్ని ఉన్నాయి?’ అని అడిగితే, మళ్ళీ మొదటినుంచి ఒకటి, రెండు అని మొదలుపెట్టింది. మళ్ళీ ఎన్ని అన్నాను. మళ్ళీ ఒకటి, రెండు. వంద వరకు వ్రాయగల పిల్లకు చివర చెప్పిన అంకే మొత్తం అనే సంగతి తెలియదని నాకు అర్థం కావడానికి ఆ మధ్యాహ్నమంతా పట్టింది. ఆమెకు అది పాట. పాటను ఎన్ని అని అడిగితే మళ్ళీ పాడక ఏమి చేస్తుంది?

అక్కడితో ఊరుకోవలసింది. నేను ఏడేసి పిక్కలు రెండు వరుసలుగా ఎదురెదురుగా పేర్చాను. రెండూ సమానమే అంది. పై వరుసను కొంచెం ఎడంగా జరిపి, ఇప్పుడు ఎక్కడ ఎక్కువ అన్నాను. పైన ఎక్కువ అంది. ఒక్క పిక్క కూడా నేను కలపలేదు సూర్యం, ఆమె కళ్ళముందే జరిపాను! నాలోని క్యాషియరు మేలుకొని, ఎక్కడినుంచి వచ్చాయే ఎక్కువ, ఆకాశం నుంచి రాలాయా అని గట్టిగా కసిరాను. పిల్ల పెదవి విరిచి ఏడ్చి, వాళ్ళ నాయనమ్మ కొంగులో దూరిపోయింది. ఆ రాత్రి నాకు అన్నంలో ఆవకాయ వడ్డించలేదు. ఎవరు వడ్డించలేదో నీకు తెలుసు.

చిన్నకోడలు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచరని నీకు తెలుసు కదా, మర్నాడు ఆ అమ్మాయే నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది. డీఎడ్‌లో వాళ్ళు పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన పియాజే అనే స్విట్జర్లాండు ఆయనను చదువుకున్నారట. ఆరేడేళ్ళ వయస్సు వచ్చే వరకు చాలామంది పిల్లలు వరుస పొడుగైతే వస్తువులు పెరిగాయనే అనుకుంటారనీ, అది మొద్దుతనం కాదనీ, కసిరితే రాదనీ, చేతితో వందసార్లు సర్దుకున్న తరువాత తనంతట తానే వస్తుందనీ చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానంలో మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు మొత్తాన్ని ఒకే పునాది దశగా పెట్టినదీ, 2021 జులైలో నిపుణ్ భారత్ అనే ప్రభుత్వ కార్యక్రమం మొదలుపెట్టినదీ ఇటువంటి లోటు పూడ్చడానికేనని, కాగితం మీద అంకె కంటే చేతిలో వస్తువు ముందు రావాలని వాళ్ళకు శిక్షణలో పదే పదే చెబుతారని కూడా అంది. ‘మామయ్యగారూ, మీరు ఆమెకు పరీక్ష పెట్టకండి, పని పెట్టండి’ అంది. ఆ మాట నాకు తగిలింది.

అప్పటినుంచి పనులే పెట్టాను. భోజనానికి మనిషికొక కంచం, కంచానికొక గ్లాసు సర్దడం ఆమె వంతు. కందిపప్పు, పెసరపప్పు, శనగపప్పు కలిసిపోయాయని అబద్ధం చెప్పి వేరు చేయించాను. (ఈ పని మాత్రం నీ మనవడికి ఎదురుగా కూర్చుని చేయించు. రెండో తరగతిలో శనగగింజ ముక్కులో ఎంత దూరం వెళ్ళగలదో మాస్టారి ముందు నిరూపించినవాడి రక్తం వాడిలో ప్రవహిస్తోంది.) పళ్ళెంలో బియ్యం పోసి వేలితో అక్షరాలు దిద్దించాను, మనకు అక్షరాభ్యాసం నాడు చేయించినట్లే. చిన్నపిల్లల చదువుకు కొత్త పద్ధతి పెట్టిన ఇటలీ ఆవిడ మాంటిస్సోరి గారు గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి పిల్లల చేత వేలితో తడిమించేవారట, ఆవిడ 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన దేశంలో టీచర్లకు శిక్షణ కూడా ఇచ్చారని కోడలు చెప్పింది. గవ్వలతో అష్టాచెమ్మా ఆడాము. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ అంటే నాలుగనీ, అన్నీ బోర్లా పడితే అష్ట అంటే ఎనిమిదనీ చెబితే, ఏమీ తెరుచుకోనప్పుడు ఎనిమిది ఎందుకు ఇవ్వాలని అడిగింది. నా దగ్గర జవాబు లేదు, నీ దగ్గర ఉంటే వ్రాయి.

ఇక అసలు సంగతి.

చవితి ముందు రోజు సాయంత్రం బజారులో పత్రి కట్ట కొన్నాను. ఆ కట్ట సంగతి నీకు తెలుసు కదా, పైన నాలుగు మారేడు రెబ్బలు కనబడేటట్లు పెట్టి, లోపల చెరువుగట్టు మీద మొలిచినదంతా కూరి కడతారు. ఇన్నేళ్ళలో మన ఇళ్ళలో ఎవరైనా దానిని విప్పి చూశారా? పుస్తకంలో పేరు చదవడం, చేతికందిన ఆకు వేయడం, అంతే కదా. ఈసారి ఆ కట్టను పిల్లకు ఇద్దామని నాకు బుద్ధి పుట్టింది. వరండాలో సుద్దముక్కతో ఇరవై ఒక్క గళ్ళు గీశాను, వరుసకు ఏడు చొప్పున మూడు వరుసలు, ఆమెకు అలవాటైన వామనగుంటల పీటలాగే. ఒక రకం ఆకుకు ఒక ఇల్లు, ఏ ఆకూ ఇంకొకరి ఇంట్లో ఉండకూడదు, ఇదీ పని.

సూర్యం, ఆ పిల్ల గంటసేపు తల ఎత్తలేదు. మొదట అన్నిటినీ పెద్దవి, చిన్నవి అని రెండు కుప్పలు చేసింది. కాసేపటికి అది కుదరలేదు, ఒకే కొమ్మకు పెద్ద ఆకూ చిన్న ఆకూ ఉన్నాయి కదా. అప్పుడు అంచులు చూడడం మొదలుపెట్టింది, తరువాత వాసన. మాచిపత్రిని నలిపి ముక్కుకు ఆనించుకుని, ‘ఇది మందుల షాపు ఆకు’ అంది. మారేడుకు ఒక కాడకు మూడు ఆకులని తానే కనిపెట్టింది. రేగాకును తిరగేస్తే వెనుక తెల్లగా ఉంటుందని నాకు చూపించింది, నాకు అరవై ఎనిమిదేళ్ళు వచ్చినా అది తెలియదు. ఉత్తరేణి గింజలు గౌనుకు అంటుకుంటే వాటిని పీకుతూ, ఈ ఆకు మనతో ఇంటికి వచ్చేస్తానంటోంది తాతా అంది. ఉమ్మెత్తనూ గన్నేరునూ మాత్రం నేనే సర్ది, అవి విషమని చెప్పాను. వాకుడు ముళ్ళు కూడా నా వేళ్ళకే గుచ్చుకున్నాయి. అంతా అయ్యాక ఆమె చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగించాను.

రెండు రకాలు ఏమిటో నాకూ తెలియలేదు, మా ఆవిడకూ తెలియలేదు. వాటికి గళ్ళ బయట చోటు ఇచ్చి, లెక్క తేలని సొమ్మును మన బ్యాంకులో విడిగా పెట్టినట్లే, సస్పెన్స్ ఖాతా అని పేరు పెట్టాను. 1986 మార్చిలో మన బ్రాంచిలో ఎక్కువ వచ్చిన ఆ ఒక్క రూపాయి గుర్తుందా? ఇది దానికి చెల్లెలు.

మొదటి వరుస ఏడు ఇళ్ళూ నిండాయి. రెండో వరుసలో ఆరు నిండాయి. ఆకులు అయిపోయాయి. నేను నోరు మూసుకుని కూర్చున్నాను, ఎన్ని అని అడగలేదు, ఒట్టు. పిల్ల నడుముమీద చేతులు పెట్టుకుని గళ్ళ వంక చూసింది. చివరి వరుసను చేత్తో చీపురులా ఒక్కసారి తుడిచినట్లు చూపించి ‘ఏడు’ అంది. ఆ పై వరుసలో ఖాళీ ఇంటి మీద వేలు పెట్టి ‘ఎనిమిది’ అంది. ‘తాతా, ఎనిమిది ఇళ్ళు ఖాళీ. కొట్టువాడు మనల్ని మోసం చేశాడు.’

ఒకటి నుంచి మొదలుపెట్టలేదు చూశావా! ఏడును విప్పకుండా ఏడుగానే పట్టుకుని, దాని మీద ఒకటి పెట్టింది. వంద నోట్ల ప్యాకెట్టు చీటీ చూసి, విప్పకుండా వంద అని పక్కన పెట్టి, విడి నోట్లు లెక్కపెడతాము కదా, అచ్చం అదే. వేసవిలో ఏడు పిక్కలకు ఏడుసార్లు మొదటికి వెళ్ళిన పిల్ల. నేను ఏమీ నేర్పలేదు, గళ్ళు గీశాను అంతే. నా కన్ను చెమర్చింది. శుక్లం తీసిన కన్ను కాబట్టి అది చుక్కలమందు వల్లనని మా ఆవిడతో చెప్పాను, నమ్మలేదు.

అక్కడితో అయిపోయిందనుకోకు. ఖాళీ ఇళ్ళు నింపేదాకా పిల్ల నన్ను కూర్చోనివ్వలేదు. చీకటి పడుతుండగా టార్చిలైటు పట్టుకుని ఇద్దరమూ వీధిలో పడ్డాము. మామిడి మన పెరట్లోనిదే, తులసి మన కోటలోనిదే, ఇంట్లో ఉన్నవి వదిలి బజారుకు ఎందుకు వెళ్ళావని చీవాట్లు తిన్నాను. దానిమ్మ ఎదురింటివాళ్ళు ఇచ్చారు. రావి ఆకు గుడి దగ్గర రాలినది దొరికింది, దాని తోక చూసి ఎలుక అంది. ఖాళీ స్థలంలో జిల్లేడు నేను కోశాను, ఆ పాలు కంట్లో పడితే ప్రమాదమని ఆమెను దూరంగా నిలబెట్టాను. అయిదు వచ్చాయి. ఇంటికి వచ్చి సర్దితే మూడు ఇళ్ళు మిగిలాయి, మద్ది, దేవదారు, గండకి. దేవదారును కాకినాడలో ఎక్కడినుంచి తేను?

మర్నాడు పూజ. నేను అలవాటు ప్రకారం పుస్తకం చదువుతూ, ‘ఉమాపుత్రాయ నమః, బిల్వపత్రం పూజయామి’ అని చేతికందిన ఆకు వేశాను. ‘తాతా ఆగు’ అంది. పూజ ఆగింది. ‘బిల్వం అంటే మారేడు అన్నావు, అది వావిలి.’ నేను వేసిన ఆకును వినాయకుడి పాదాల దగ్గరనుంచి వెనక్కి తీసుకుని, సరైనది ఇచ్చింది. అక్కడినుంచి ఒక్కొక్క నామానికీ ఆమె ఆకు వెతికి ఇవ్వడం, నేను వేయడం. చిన్నవాడు నవ్వు ఆపుకోలేక బయటకు వెళ్ళిపోయాడు. వంటింట్లోంచి ఉండ్రాళ్ళు చల్లారిపోతున్నాయని ప్రకటనలు వెలువడుతున్నాయి. లేని మూడు ఆకుల దగ్గర అక్షింతలు వేయవచ్చమ్మా అని నేను చెబితే, కొంచెం ఆలోచించి, ‘అయితే వాటి ఇళ్ళలో కూడా అక్షింతలు పెట్టాలి, లేకపోతే ఖాళీ అనుకుంటారు’ అని, లేచి వరండాలోకి వెళ్ళి ఆ మూడు గళ్ళలో తలా చిటికెడు పెట్టి వచ్చింది. మా నాన్నగారి రోజులనుంచి ఆ పూజ పీట ముందు ఏ ఆకు పడితే అది వేసి లెక్క సరిపోయిందని లేచిపోయిన వంశం మాది. ఇన్నేళ్ళకు క్యాష్ టాలీ అయింది.

నీ మనవడికి ఇరవై ఒకటి వద్దు. మూడు ఆకులు చాలు, మూడు గళ్ళు గియ్యి. వాసన చూడనివ్వు, పేర్లు నువ్వు తెలుగులో చెప్పు, వాడి అమ్మ బెంగాలీలో చెబుతుంది. రెండు పేర్లున్న ఆకు ఒకే ఇంట్లో ఉంటుందా అని వాడు అడిగితే నాకు తప్పకుండా వ్రాయి. ఎన్ని అని మాత్రం వెంటనే అడగకు. నేను వేసవిలో ఆ ఒక్క మాట అడిగి అడిగి పిల్లను ఏడిపించాను, అది ఇప్పటికీ నాకు... సరే, అది మరొకసారి.

ఆ సుద్ద గళ్ళు ఇంకా చెరపలేదు. మొన్న వాటిలో చెప్పులు పెట్టి ఉన్నాయి, ఇంట్లో అందరివీ, జతకొక ఇల్లు. నిన్న మాత్రం ఒక ఇంట్లో ఒకే చెప్పు ఉంది, రెండోది ఎక్కడని అడిగితే, అది ఊరెళ్ళింది అని

బడి ఆటో హారను వినబడుతోంది. గేటు దగ్గర నేను లేకపోతే ఊరుకోదు. ఇలాగే అంటించి పంపిస్తున్నాను.

నీ
కామేశం