ఇరవై నిమిషాల సగటు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల ఏడో తరగతిలో సగటు పాఠం మొదలైంది. లెక్కల టీచర్ సెలవు పెట్టిన రోజు ఆ క్లాసుకి నేనే వెళ్లాను. ముందు బెంచీల్లోని తొమ్మిది మందిని, ఇంటి నుంచి బడికి రావడానికి ఎంతసేపు పడుతుందని అడిగి బోర్డు మీద రాశాను: 5, 5, 5, 10, 10, 10, 15, 15, 105. కూడితే 180, తొమ్మిదితో భాగిస్తే 20. గబగబా చేసేశారు. "సరే, 20 నిమిషాల్లో వచ్చేవాళ్లు చేతులెత్తండి" అన్నాను. ఒక్క చెయ్యీ లేవలేదు.

కాసేపటికి ఒకబ్బాయి "ఆ 105 తీసేద్దాం టీచర్, అప్పుడు సరిపోతుంది" అన్నాడు. తీసేసి చూశాం. సగటు తొమ్మిది చిల్లరకు దిగింది. కానీ ఆ 105 నిమిషాల పాప మా ఎదురుగానే కూర్చుని ఉంది. రెండు బస్సులు మారి వస్తుంది. ఆలస్యమైందని ఆ పాపను రెండుసార్లు గేటు దగ్గర నిలబెట్టింది నేనే. ఆ సంగతి నాకు చాలా బాధ కలిగించింది. ఇక ఆమెను గేటు దగ్గర ఎవరూ ఆపరు.

అవే సంఖ్యల్లో సరిగ్గా నడుమ ఉన్నది 10, అది మధ్యగతం. అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చేది బాహుళకం; 5, 10 మూడేసిసార్లు వచ్చాయి కాబట్టి ఇక్కడ బాహుళకాలు రెండు. నిర్వచనాలు అప్పజెప్పడం పెద్ద పనేం కాదు. ఈ సంఖ్యలో ఎవరు కనిపిస్తున్నారు, ఎవరు కనిపించడం లేదు అని పిల్లలు అడగాలన్నది నా కోరిక.

చిన్న తరగతుల వాళ్లకు భాగహారం కూడా అక్కర్లేదు. చింతగింజలు 3, 7, 8, 2 చొప్పున నాలుగు కుప్పలు పోసి, ఎక్కువున్న చోట తీసి తక్కువున్న చోట వేస్తూ సమానం చేయమనండి. ఐదేసి అవుతాయి. సగటంటే ఏమిటో వాళ్ల చేతులకే తెలుస్తుంది.

పెద్ద పిల్లలకైతే ఆరు నెలల కరెంటు బిల్లులు ఇవ్వండి. యూనిట్ల సగటు కట్టి, ఏ నెల దానికి బాగా దూరంగా ఉందో, ఎందుకో రాసుకు రమ్మనండి.

ఇంకొక్క మాట. ప్రోగ్రెస్ కార్డు చూసి "క్లాసు సగటు కన్నా తగ్గావేంటి?" అని దయచేసి అడగకండి. అందరికీ ఒకే మార్కులు వస్తే తప్ప, సగటుకి కింద ఎవరో ఒకరు ఉండక తప్పదు. పోయిన పరీక్ష మార్కులు, ఈసారి మార్కులు పక్కపక్కన పెట్టి చూడండి. పిల్లలకూ టెన్షన్ తగ్గుతుంది.

సెప్టెంబరు 10 సి.ఆర్. రావు గారి పుట్టినరోజు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, సాంఖ్యక శాస్త్రంలో (స్టాటిస్టిక్స్‌లో) ప్రపంచమంతా గౌరవించే స్థాయికి ఎదిగిన తెలుగువారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆ రంగంలో అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. ఈ సెప్టెంబరు 10 సాయంత్రం నాలుగింటికి పిల్లల చార్టులు వరండా గోడకు పెడుతున్నాం. మీ ఇంటి కరెంటు లెక్క కూడా అందులో ఉంటుంది. పనులు చూసుకుని తప్పకుండా రండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు