కొత్త ఇల్లు, నెట్ సంగతి

లెస్టర్, ఇంగ్లండ్

నాన్నగారికీ అమ్మకీ నమస్కారాలు.

మేమంతా క్షేమం. ఇల్లు మారాక సరిగ్గా ఫోన్ చెయ్యడం లేదని అమ్మ బెంగ పెట్టుకుందని తమ్ముడు చెప్పాడు. ఒంట్లో బాగాలేకా కాదు, ఏదో దాస్తున్నామనీ కాదు. ఈ ఇంటికి ఇంకా నెట్ రాలేదు, అంతే. మాట్లాడేదంతా సిమ్ మీదే. హాల్లో కిటికీ దగ్గర నిలబడితే మీ ముఖాలు కనబడతాయి, వంటింట్లోకి నడిస్తే ఆగిపోతాయి. మొన్న అమ్మ ఏడుస్తున్నప్పుడు సరిగ్గా అలాగే తెగిపోయింది. మళ్ళీ కలపబోతే కలవలేదు. ఆ రాత్రి డ్యూటీలో కూడా అదే గుర్తొచ్చింది.

డ్యూటీలు మామూలే, ఈ నెల నైట్లు ఎక్కువ. ఆయనకి పని సగం రోజులు ఇంటి నుంచే.

నాన్నగారూ, "మా రోజుల్లో ఫోనుకి ఏళ్ళు పట్టిందంటే అర్థం ఉంది, ఇప్పుడెందుకమ్మా ఇంత ఆలస్యం" అన్నారు కదా. ఫోన్లో చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. ఇక్కడ తీగ ఒకరిది, బిల్లు ఇంకొకరిది. స్తంభాలూ తీగలూ చూసేది ఓపెన్‌రీచ్ అని బీటీ (బ్రిటిష్ టెలికాం) వాళ్ళ సంస్థ. దాని మీద బీటీ, స్కై, వొడాఫోన్ లాంటి వాళ్ళంతా కనెక్షన్లు అమ్ముతారు. వర్జిన్ మీడియాకి సొంత కేబులు ఉంది. అందుకని ముందు చూడాల్సింది కంపెనీ పేరు కాదు, మన గుమ్మం దాకా ఏ తీగ వచ్చిందన్నది. ఇక్కడి టెలికాం కంపెనీల మీద నిఘా పెట్టే ఆఫ్‌కామ్ సైటులో పోస్ట్‌కోడ్ కొడితే తెలుస్తుంది. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడే నేనది చూసుకున్నాను.

మీకు నచ్చే సంగతి ఒకటి చెప్తాను. ఇంటి ముందే చెక్క స్తంభం, దాని తల దగ్గర్నించి చుట్టూ ఇళ్ళకి డ్రాప్ వైర్లు. పాపకి చూపించి మీ తాతయ్య ఇలాంటివే ఎక్కేవారని చెప్పాను. రోజూ బడికి వెళ్తూ దాన్ని చేత్తో తట్టి వెళ్తోంది. వీధి మలుపులో తీగలన్నీ కలిసే ఆకుపచ్చ క్యాబినెట్ ఉంది. పాత పద్ధతిలో అక్కడి దాకే ఫైబరు, అక్కణ్ణించి ఇంటికి రాగి తీగల జత. ఎంత బాగున్నా స్పీడు 80 ఎంబీపీఎస్ దాటదు, మన వైపు నుంచి వెళ్ళేది 20 లోపే. క్యాబినెట్‌కి దూరమయ్యేకొద్దీ ఇంకా పడిపోతుంది, అది మీకు నేను చెప్పాలా! ఈ దేశంలో రాగి మీద నడిచే పాత టెలిఫోన్ వ్యవస్థని 2027 జనవరి చివరికల్లా మూసేస్తున్నారట. అది చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. 96 నవంబరు తుఫానుకి మీరు అమలాపురం వైపు లైన్లు నిలబెట్టడానికి వెళ్ళి, ఎన్నాళ్ళకో చేతులనిండా గాట్లతో తిరిగొచ్చారు. ఆ చేతులకి అమ్మ కొబ్బరినూనె రాస్తుంటే నేను పక్కనే ఉన్నాను.

మా వీధికి ఫైబరు స్తంభం దాకా వచ్చేసింది. ఇంట్లోకి రావాలంటే గోడకి కన్నం పెట్టాలి, బయట చిన్న డబ్బా, లోపల ప్లగ్గు పక్కన ఇంకోటి. అద్దె ఇల్లు కదా, ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా గోడ ముట్టుకోకూడదు. తర్వాత డిపాజిట్లో కోస్తే ఎవరిని అడుగుతాం? ఏజెంటు ద్వారా అడిగితే జవాబు రావడమే ఆలస్యమైంది. ఓనరు గుజరాతీ పెద్దాయన, మంచివారు. ముందు గదిలో కిటికీ కింద మూల మాత్రమే అన్నారు. సరేనన్నాం. ఆ మాట ఈమెయిల్లో ఉంది, జాగ్రత్త చేశాను.

ఇక అసలు చిక్కు ఒప్పందం. పెద్ద కంపెనీల మంచి ధరలన్నీ 24 నెలల మీదే. మధ్యలో వదిలేస్తే మిగిలిన నెలల తాలూకు డబ్బు చాలావరకు కట్టాలి. నాతో పనిచేసే కేరళ సిస్టర్ నాటింగ్‌హామ్ వెళ్ళిపోయింది. కొత్త ఇంటికి ఆ కంపెనీ తీగే లేదు, అయినా డబ్బు కట్టక తప్పలేదు. అందుకే మేము నెల నెలా కట్టి ఎప్పుడైనా మానుకునే ప్లాను తీసుకుంటున్నాం. నెలకి నాలుగైదు పౌండ్లు ఎక్కువ, మొదట్లో బిగించే ఖర్చు కూడా మనదే. దుబారా అనుకోకండి నాన్నగారూ, ఇద్దరం లెక్క వేసుకునే చేస్తున్నాం. స్పీడు 150 తీసుకుంటున్నాం. 900 తీసుకోమని ఊదరగొట్టారు గానీ మాకెందుకు? 2025 జనవరి 17 తర్వాతి ఒప్పందాల్లో మధ్యలో ధర ఎంత పెంచుతారో పౌండ్లలోనే ముందు చెప్పాలని రూలు. అది కూడా అడిగి రాయించుకున్నాను.

సిమ్ వేసుకునే రౌటరు కొనుక్కుంటే కన్నమే అక్కర్లేదు, ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు అని ఆయన అన్నారు. స్నేహితులది తెచ్చి చూశాం. పగలు బాగానే ఉంది, సాయంత్రం అందరూ ఇళ్ళకి చేరేసరికి నెమ్మదించింది. ఆదివారం మీరు పాపకి గుణింతాలు చెప్పేటప్పుడు మధ్యలో ఆగకూడదు, నాకదే ముఖ్యం.

అమ్మా, ఇల్లు ఎప్పుడు ఖాళీ చెయ్యమంటారోనని భయపడకు. 2026 మే 1 నుంచి ఇక్కడ రూల్సు మారాయి. కారణం చూపకుండా పొమ్మనడానికి లేదు. అమ్ముకోవాలన్నా నాలుగు నెలల ముందు చెప్పాలి, అదీ మొదటి ఏడాది కుదరదు. మేము వదిలెయ్యాలంటే మాత్రం రెండు నెలల నోటీసు చాలు.

ఎప్పుడొచ్చేస్తారని ప్రతిసారీ అడుగుతావు. నాకు తెలిస్తే నీకు చెప్పనా? తెలియకే రెండేళ్ళకి సంతకం పెట్టలేకపోయాను. నాన్నగారి మోకాలు సంగతి అలాగే ఉంటే మీ దగ్గరికి రావడానికి ఏ కాయితమూ అడ్డు ఉండకూడదని నేనూ ఆయనా అనుకున్నాం. డాక్టరు ఏమన్నారో ఈసారి పూర్తిగా చెప్పు, నాన్నగారు పక్కన లేనప్పుడు.

తింటున్నాను. నైటుకి డబ్బా పట్టుకెళ్తున్నాను. గోంగూర ఇక్కడ బెల్‌గ్రేవ్ రోడ్డు వైపు దొరుకుతోంది, నువ్వు పంపనక్కర్లేదు. కందిపొడి మాత్రం నీదే కావాలి.

నాన్నగారూ, మన ఇంట్లో రౌటరు టీవీ బీరువా వెనకాల ఇరుక్కుని ఉంది. తమ్ముడితో చెప్పి పైకి, గాలి తగిలేచోట పెట్టించండి. మీ వైపు తెగడానికి సగం కారణం అదేనని నా అనుమానం. మా ఫైబరు వచ్చే గురువారం బిగిస్తారు. ఆ ఆదివారం మీకు మధ్యాహ్నం ఒకటిన్నరకి పాఠం, పాప ఇప్పటికే పలక తుడిచి పెట్టుకుంది. తలకట్టు, దీర్ఘం అయ్యాయట, గుడి దగ్గర ఆగారట.

మీ అమ్మాయి