చిన్నీ, నీ బ్లడ్ రిపోర్ట్ చూశా

చిన్నీ,

వాట్సాప్‌లో పంపిన సీబీసీ, అదే రక్తకణాల లెక్క, రిపోర్ట్ చూశాను. లింఫోసైట్స్ (ఒక రకం తెల్లకణాలు) 44 అని బోల్డ్‌లో వచ్చిందని రాత్రంతా గూగుల్ చేసి బ్లడ్ క్యాన్సరేమో అని ఏడ్చావంట, అమ్మ చెప్పింది. ల్యాబ్‌లో పనిచేసే నాన్నని ఇంట్లో పెట్టుకుని గూగుల్‌ని అడుగుతావేంటే! ఆ 44 అనేది శాతం. నీ తెల్లకణాలు మొత్తం 5200, అందులో 44 శాతం అంటే దాదాపు 2300, పెద్దవాళ్లకి 1000 నుంచి 3000 దాకా మామూలే, న్యూట్రోఫిల్స్ అనే ఇంకో రకం తెల్లకణాలు కాస్త తగ్గితే ఈ లింఫోసైట్స్ శాతంలో ఎక్కువైనట్టు కనపడతాయి అంతే. మొన్న జలుబు చేసిందన్నావుగా, వైరల్ తర్వాత ఇలాంటివి మాకు రోజూ వస్తుంటాయి. వదిలెయ్ దాన్ని.

నాకు కోపమొచ్చింది ఎక్కడంటే, హిమోగ్లోబిన్ 9.2 ఉంటే "అది అందరికీ తక్కువే కదా నాన్నా" అని దాటేశావు చూడు అక్కడ. ఆడవాళ్లకి 12 కన్నా తగ్గితే రక్తహీనతే. ఎందుకు తగ్గిందో ఆ ఒక్క అంకె చెప్పదు, కిందకి చూడాలి. ఎంసీవీ అంటే ఎర్రకణం సైజు, 80 నుంచి 100 ఉండాలి, నీకు 70. ఆర్‌డీడబ్ల్యూ, అంటే కణాల సైజుల్లో తేడా ఎంతుందో చెప్పే అంకె, 18 ఉంది, 14.5 దాటకూడదు, అంటే కణాలు చిన్నవైపోయి పైగా ఒక్కోటి ఒక్కో సైజులో ఉన్నాయన్నమాట. కణాలు చిన్నగా ఉంటే మాకు ముందు రెండే గుర్తొస్తాయి, ఐరన్ లోపం లేదా తలసీమియా ట్రెయిట్, అంటే అమ్మానాన్నల నుంచి వచ్చే హిమోగ్లోబిన్ లోపం. ఎంసీవీని ఆర్‌బీసీ కౌంట్‌తో, అంటే మిలియన్లలో ఎర్రకణాల సంఖ్యతో, భాగిస్తాం, 13 కన్నా తక్కువొస్తే తలసీమియా అనుమానం, నీకు 70 బై 4.2 చేస్తే పదహారు దాటింది కాబట్టి ఐరన్ వైపే మొగ్గుతోంది. ఇది అంచనానే, తేల్చేది ఫెర్రిటిన్, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష. ప్లేట్‌లెట్స్ 4.7 లక్షలు ఉన్నాయని మళ్లీ గూగుల్ ఓపెన్ చెయ్యకు, ఐరన్ తగ్గినప్పుడు అవి కాస్త పెరుగుతాయి.

పీరియడ్స్‌లో బ్లీడింగ్ ఎక్కువవుతుంటే లేడీ డాక్టర్‌కి దాచకుండా చెప్పు, నాకు చెప్పక్కర్లేదు, అమ్మకి చెప్పినా చాలు. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు ముందు మానెయ్, అది ఐరన్‌ని ఒంటబట్టనివ్వదు, అన్నంలో నిమ్మకాయ పిండుకో. ఆకుకూరలతోనే 9.2 పన్నెండు అయిపోతుందని అమ్మమ్మ చెప్తే ఊ కొట్టు గానీ మాత్రలు మాత్రం డాక్టర్ రాసినన్ని రోజులూ వేసుకోవాలి, హిమోగ్లోబిన్ పెరిగాక కూడా ఒంట్లో నిల్వ నిండటానికి ఇంకో మూడు నెలలు వాడమంటారు. విరేచనం నల్లగా వస్తే కంగారు పడకు, మాత్రల వల్లే.

ఫెర్రిటిన్‌కి రక్తం మాత్రలు మొదలుపెట్టకముందే ఇచ్చెయ్. కాకపోతే ఆ జలుబు పూర్తిగా తగ్గాకే వెళ్లు, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే ఫెర్రిటిన్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, మళ్లీ "నార్మలే కదా నాన్నా" అంటావు.

నాన్న