నడుస్తున్న ప్యానెల్ తెరవమన్నవారు సంతకం పెట్టాలి

సంపాదకుల వారికి నమస్కారం.

మన ఉత్తరాంధ్రలో ఏదైనా కర్మాగారంలో ప్యానెల్ బోర్డు దగ్గర కార్మికుడు కాలిపోతే, మర్నాడు అది ‘విద్యుదాఘాతం’ అనో ‘షార్ట్ సర్క్యూట్’ అనో వార్తల్లో రావడం చాలా ఏళ్లుగా చూస్తున్నాను. అసలు జరిగినదేమిటో ఆ మాటలవల్ల పాఠకులకు తెలియదు. తీగను తాకకుండానే, మూరెడు దూరంలో నిలబడి ఉండగానే మనిషిని కాల్చేసే ప్రమాదం ఒకటుంది. దాన్ని ఆర్క్ ఫ్లాష్ అంటారు. పైడిభీమవరం నుంచి బొబ్బిలి దాకా రకరకాల మిల్లుల్లో ముప్పై ఏళ్లకు పైగా ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ పని చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి, దీని గురించి నాకు తెలిసింది చెప్పవలసిన బాధ్యత నామీద ఉందనుకుంటున్నాను.

సుమారు పదిహేనేళ్ల కిందట, నేను పనిచేసిన ఒకచోట, 415 వోల్టుల మెయిన్ ప్యానెల్‌లో బస్‌బార్ (కరెంటును పంచే లోహపు పట్టీ) జాయింటు బోల్టు వదులై, వేడెక్కి, స్లీవు మాడిన వాసన వస్తోంది. షిఫ్టు ఆపకుండానే బిగించమని పైనుంచి మాట వచ్చింది. నన్ను గురువుగారూ అని పిలిచే కుర్రాడొకడు స్పానర్ అందుకుని, “రెండు తిప్పులే కదండీ, లైను ఆపమంటే ఒప్పుకోర్లెండి” అన్నాడు. నేను గట్టిగా వద్దనలేదు. ఆ సంగతి ఈనాటికీ నన్ను బాధపెడుతుంది. స్పానర్ జారి రెండు ఫేజుల మధ్య పడింది. కళ్లు చెదిరే తెల్లటి వెలుగు, పిడుగు పడినట్టు చప్పుడు, ఆ వెంటనే నల్లటి పొగ. పొగ తగ్గాక చూస్తే స్పానర్ కొన మైనంలా కరిగి బెత్తెడు పొట్టిదైంది. ఎదుటి గోడ సున్నం మీద రాగి చుక్కలు ఆవగింజల్లా అతుక్కుని ఉన్నాయి. అతను వేసుకున్న పాలియెస్టర్ చొక్కా కరిగి ఒంటికి పట్టేసింది. విశాఖ ఆసుపత్రిలో దాన్ని చర్మంతో పాటు ఒలవవలసి వచ్చింది. ప్రాణం దక్కింది గానీ కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయాయి, ఒక చెవి వినబడదు. అతనికి షాక్ కొట్టనే లేదు. అయినా ప్రమాద నివేదికలో ‘కార్మికుని అజాగ్రత్త’ అనే రాశారు.

రెండు ఫేజుల మధ్య గాలిలోంచే కరెంటు పారడం మొదలైతే పుట్టే మంట ఇది. దాని గర్భంలో వేడి 19,000 డిగ్రీల సెల్సియస్ దాకా పోగలదు, అంటే సూర్యుని ఉపరితలపు వేడికి మూడు రెట్లకు పైమాటే. రాగి ఆవిరైతే దాని పరిమాణం సుమారు 67,000 రెట్లు పెరుగుతుంది కాబట్టి మంటతో పాటు పేలుడూ తప్పదు. చర్మం మీద చదరపు సెంటీమీటరుకు 1.2 కెలోరీల వేడి పడితే చాలు, రెండో స్థాయి కాలిన గాయమై బొబ్బలు లేస్తాయి.

‘415 వోల్టులే కదా, హైటెన్షన్ కాదు కదా’ అనే భరోసా మా పనివాళ్లలో చాలామందికి ఉంటుంది. ఈ భరోసాయే ప్రాణాల మీదకు తెస్తుంది. 1000 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నిండు లోడు మీద ఇచ్చేది దాదాపు 1,330 ఆంపియర్లు. దాని ఇంపిడెన్స్ (కరెంటుకు ట్రాన్స్‌ఫార్మర్ లోపలే ఉండే అడ్డు) 5 శాతం అనుకుంటే, పక్కనే షార్టయినప్పుడు అదే ట్రాన్స్‌ఫార్మర్ 26,000 ఆంపియర్లకు పైగా తోస్తుంది. మన ఇళ్లలో రెండు కిలోవాట్ల గీజరు తీసుకునేది పది ఆంపియర్లలోపే.

కరెంటు ఎంతన్నది ఒక ఎత్తయితే, మంట ఎంతసేపు నిలిచిందన్నది మరో ఎత్తు. బ్రేకర్ సెకనులో పదో వంతులో తెగితే పడే వేడికి, ఒక సెకను ఆగి తెగితే పడే వేడి పది రెట్లు ఉంటుంది. అలాంటిది, ఊరికే ట్రిప్పవుతోందని, బ్రేకర్‌ను తెగేలా చేసే రిలే సెట్టింగు పెంచేయడం, ఫ్యూజు పోయినచోట లావుపాటి రాగి తీగ చుట్టేయడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. మిషను ఆగకూడదని చేసే ఈ పని వల్ల, ప్యానెల్ ముందు నిలబడ్డవాడి ఒంటి మీద మంట మరింతసేపు నిలుస్తుందన్న ఆలోచన ఎవరికీ రాదు.

రబ్బరు గ్లౌజులు, కింద రబ్బరు మ్యాటు ఉంటే చాలనుకోవడం కూడా పొరపాటే. అవి షాక్ నుంచి కాపాడతాయి, ఈ మంట నుంచి ముఖాన్నీ గుండెనూ కాపాడవు. దానికి కెలోరీల లెక్కన తయారైన ప్రత్యేకమైన దుస్తులు, ముఖమంతా కప్పే షీల్డు కావాలి. నూలు బట్ట పాలియెస్టర్‌లా కరగదు గానీ అదీ మండుతుంది.

ఈ విషయంలో లైన్‌మెన్ల పద్ధతి నాకు ఎప్పుడూ గౌరవంగా కనిపిస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి శ్రీకాకుళం జిల్లాలో వేల స్తంభాలను పడగొట్టినప్పుడు ఎంత తొందరలో ఉన్నా, ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో సప్లై ఆపామన్న అనుమతి) తీసుకోకుండా, ఎర్త్ రాడ్లు వేయకుండా స్తంభం ఎక్కకూడదన్నదే వారి నియమం. అదే కర్మాగారం గోడ లోపలికి వస్తే ఎల్‌సీ మాటే ఉండదు. స్విచ్ ఆపి, తాళం వేసి, హెచ్చరిక బోర్డు తగిలించి, టెస్టర్ సరిగా పనిచేస్తోందో లేదో సప్లై ఉన్నచోట ముందుగా చూసుకుని, ఆ తర్వాతే పని చేసే చోట పరీక్షించి, ఎర్త్ చేయడానికి పట్టేది పావుగంట. జనరేటరు నుంచి వెనక్కి సప్లై వస్తోందా, కెపాసిటర్లు డిశ్చార్జి అయ్యాయా అని చూడడం కూడా అందులోనే అయిపోతుంది.

విధిలేక నడుస్తున్న లైను మీద పని చేయవలసి వస్తే, అందుకు అధికారం పొందినవారే తగిన జాగ్రత్తలతో చేయాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు చెబుతున్నాయి. అమెరికాలో జాతీయ అగ్నిరక్షణ సంఘం (ఎన్‌ఎఫ్‌పీఏ) తెచ్చిన, 1979లో మొదలైన ఎన్‌ఎఫ్‌పీఏ 70ఈ అనే విద్యుత్ భద్రతా ప్రమాణం ఇంకో అడుగు ముందుకు వేసింది. కొలతలు తీయడంలాంటివి తప్పిస్తే, సప్లై ఉండగా చేసే పనికి ఎందుకు ఆపలేకపోతున్నారో కాగితం మీద రాసి, యాజమాన్యం తరఫున బాధ్యులు సంతకం చేయాలని ఆ ప్రమాణం అంటుంది. మన కర్మాగారాల్లోనూ అలాంటి రిజిస్టరు ఒకటి పెట్టించి, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్లు తనిఖీకి వచ్చినప్పుడల్లా దాన్ని తెరిచి చూడాలని నా విన్నపం. ‘ఆపకుండా కానిచ్చేయ్’ అని నోటితో చెప్పడం సులువే. అదే మాట రాసి కింద సంతకం పెట్టవలసి వస్తే చాలామంది పావుగంట ఆపడానికే ఒప్పుకుంటారని నా నమ్మకం.

మీ విలేకరులకూ ఒక మనవి. ఇలాంటి ప్రమాదం జరిగినచోటికి వెళ్లినప్పుడు, ఆ ప్యానెల్ ఆపమని ఎవరైనా అడిగారా, అడిగితే వద్దన్నది ఎవరు అని కూడా దయచేసి కనుక్కుని రాయండి.

ఇట్లు,
విశ్రాంత ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్,
విజయనగరం