గుండమ్మకో ఉత్తరం

విజయనగరం,
ఆదివారం మధ్యాహ్నం

ఒసేయ్ గుండమ్మా,

కోపం తెచ్చుకోకు. నీకు ఆ పేరు పెట్టిన మగపిల్లల్లో సగం మందికి ఇప్పుడు తలలే గుండ్లయ్యాయి, కాబట్టి లెక్క సరిపోయిందనుకో.

సిరిమానుకి వస్తానని ఈసారీ రాలేదు. మూడు లాంతర్ల దగ్గర జనంలో నా చెప్పొకటి పోయింది. రెండోదీ అక్కడే వదిలేసి వచ్చేశాను.

అసలు సంగతి వేరే. మా అన్నయ్య కూతురు తొమ్మిదో తరగతికి వచ్చింది కదా, షాట్‌పుట్ పట్టుకుంది. మూడు కిలోల గుండు మెడకి ఆనించుకుని పెరట్లో ఒకటే సాధన. జామచెట్టు చుట్టూ గోతులే. మా అమ్మ గోల నీకు తెలిసిందే: "ఆడపిల్లకి ఆ గుండేటే? భుజాలు అలా పెరిగిపోతే రేపు ఎవులు చేసుకుంటారు?" ఊసవానిపేట నుంచి వెళ్ళి 2000లో సిడ్నీలో పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరిని ఎవరూ చేసుకోలేదా అని అడిగాను. "అది బరువులే, ఇది గుండే" అంది. ఆ తేడా ఏమిటో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

ఆ పిల్ల రాత్రిళ్ళు ఫోన్లో వాలెరీ ఆడమ్స్ వీడియోలు చూస్తుంది. పక్కనే కూర్చుని నేనూ చూడ్డం మొదలుపెట్టాను. న్యూజిలాండ్ ఆవిడ, తల్లిది టోంగా. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. పదిహేనేళ్ళకే తల్లి పోయింది. అయినా 2007 నుంచి వరసగా నాలుగుసార్లు ప్రపంచ చాంపియన్. 2011లో డేగులో 21.24 మీటర్లు వేసింది. అది నాలుగు కిలోల గుండే! మన స్కూల్లో పది మీటర్లు దాటితే నిన్ను భుజాల మీద మోశారు, గుర్తుందా?

వీడియో నెమ్మదిగా తిప్పి చూస్తే మాస్టారే గుర్తొచ్చారు. "విసరకే, తొయ్యి! మోచెయ్యి దించకు!" అని ఎంత అరిచేవారు! ఆవిడ అచ్చం అలాగే తోస్తుంది. బలమంతా కాళ్ళలోంచి లేచి, నడుము తిరిగి, ఆఖరికి గానీ చేతికి రాదు. మనం చేత్తోనే మొదలుపెట్టేవాళ్ళం, అందుకే రాత్రంతా భుజానికి జండూబామ్.

ఇప్పుడు లండన్ కథ విను. 2012 ఒలింపిక్స్‌లో పోటీ దగ్గరపడ్డాక చూస్తే జాబితాలో ఆవిడ పేరే లేదట! 2008లో బీజింగ్‌లో బంగారు పతకం గెలిచిన మనిషి పేరు ఎక్కించడంలో వాళ్ళ జట్టు అధికారులే పొరపాటు చేశారు. తర్వాత సరిచేశారులే. అది చదివి ముందు నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది.

ఆ జోనల్ మీట్ గుర్తొచ్చిందే. తెల్లారగట్ల బస్సు, మీ అమ్మ కట్టిన పులిహోర పొట్లం, నీ కొత్త కాన్వాసు బూట్లు. టేబుల్ దగ్గర వేలితో లిస్టంతా తిప్పి "ఈ పేరు లేదమ్మా" అన్నారు. నా పేరుంది. నీకంటే మీటరు తక్కువ వేసే నా పేరు! మూడో స్థానం వచ్చింది. నువ్వు గట్టు మీద కూర్చుని నాకోసం చప్పట్లు కొట్టావు. ఆ సర్టిఫికెట్టు ఇంకా ఉంది. ఎప్పుడూ ఫ్రేము కట్టించలేదు.

లండన్‌లో ఆడమ్స్‌కి పేరైతే దొరికింది గానీ ఆరోజు బంగారం దొరకలేదు. బెలారస్ ఆవిడ ఒస్టాప్‌చుక్ 21.36 వేసింది, ఈవిడ 20.70. వెండి మెడలో వేసుకుని ఊరుకుంది. వారానికి ఒస్టాప్‌చుక్ డోపింగులో, అదే, నిషేధించిన మందులు వాడి దొరికింది. బంగారు పతకం సెప్టెంబరులో ఆక్లాండ్‌లో ఇచ్చారు. సొంత జనం మధ్య అందుకోవడం బాగానే ఉంటుంది, కాదనను. కానీ లండన్ స్టేడియంలో వాళ్ళ దేశం పాట మోగలేదుగా.

ఇలాంటిదే బరువులెత్తే మన కొండవెలగాడ సంతోషికి కూడా జరిగింది. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ పోటీల్లో కంచు వచ్చింది. మొదట నిలిచిన నైజీరియా అమ్మాయి డోపింగులో దొరికాక అది వెండి అయింది. మన పక్క మండలం పిల్ల!

ఆడమ్స్ 2016 రియో ఒలింపిక్స్‌లో ఆఖరి విసురుకి ఓడిపోయింది. అమెరికా ఆవిడ మిషెల్ కార్టర్ చివరి ప్రయత్నంలో 20.63 వేస్తే ఈవిడ 20.42 దగ్గర ఆగిపోయింది. మనమైతే ఇంటికొచ్చి తలుపేసుకునేవాళ్ళం. ఆవిడ ఇద్దరు పిల్లల్ని కని, ముప్పై ఆరేళ్ళ వయసులో 2021లో టోక్యో ఒలింపిక్స్‌కి వెళ్ళి 19.62తో కంచు తెచ్చుకుంది. నాకైతే ఆ కంచే అన్నిటికన్నా ఇష్టం. అన్నట్టు, ఆవిడ దగ్గరే నేర్చుకున్న చెల్లెలు లీసా అదే ఏడాది పారాలింపిక్స్‌లో బంగారం గెలిచింది.

వచ్చే వారం మా పిల్లకి మీట్. నిన్న ఆఫీసుకి సెలవు పెట్టి నేనే వెళ్ళాను. లిస్టు చూపించమన్నాను. "మాస్టారు పంపారు కదమ్మా, మీరెందుకు?" అన్నాడు అక్కడి కుర్రాడు. చూపించే దాకా కదల్లేదు. వేలు పెట్టి పైనుంచి కిందకి రెండుసార్లు చూసుకున్నాను. పదకొండో వరసలో ఉంది.

నువ్వు రావాలి. పులిహోర నేను చేస్తాను, నువ్వు గట్టు మీద కూర్చుని అరువు.

నీ
బక్కది