పోలియో సూది గురించి తల్లులకు చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

పోలియో చుక్కల ఆదివారం వచ్చిందంటే ఊరంతా మైకులు మోగుతాయి, బస్టాండులో కూడా శిబిరం పెడతారు. అదే ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలు నిండాక పిల్లల భుజానికి వేసే పోలియో సూది గురించి మాత్రం ఎవరూ నోరు విప్పరు. ఏఎన్ఎంగా పనిచేసి రిటైరైన నేను ఈ మౌనం చేసే చేటు దగ్గరుండి చూశాను.

ఆరో వారంలో బిడ్డకు ఎడమ తొడకు పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా), కుడి తొడకు న్యుమోనియా టీకా, కుడి భుజానికి పోలియో సూది, నోట్లో చుక్కలు, అన్నీ ఒక్కపూటే వేస్తారు. రాత్రికి ఒళ్లు కాలుతుంది. భుజం మీద బొబ్బ కళ్లెదుటే కనబడుతుంది కాబట్టి "పోలియో సూది పడలేదు" అని ఇంట్లో తీర్మానించేస్తారు. ఆ జ్వరం చాలావరకు పెంటావాలెంట్‌లోని కోరింత దగ్గు టీకా వల్ల వచ్చేది. పోలియో సూదిని చర్మం పైపొరలోకి వేస్తారు, అందుకే పెసరగింజంత ఉబ్బు, కాస్త ఎరుపు, నొప్పి. పసుపు రాయొద్దు, ఉప్పు కాపడం పెట్టొద్దు, దానంతటదే తగ్గిపోతుంది.

ఈ టీకాలో ఉండేది చంపేసిన వైరస్. అది పోలియో తెప్పించలేదు. చుక్కల్లోని బలహీనపరచిన వైరస్‌తో ఎంతో అరుదుగా పక్షవాతం వచ్చే అవకాశం ఉంది, సూదితో అదీ లేదు. 1955లో అమెరికాలో కట్టర్ కంపెనీ టీకాలో వైరస్ పూర్తిగా చావక సుమారు 200 మందికి పక్షవాతం వచ్చింది, 10 మంది చనిపోయారు. ఈ సంగతి దాచనక్కర్లేదు. ఆ ఘోరం తర్వాతే తయారీ మీద, తనిఖీల మీద నిబంధనలు కఠినమయ్యాయి. ఇప్పుడు జాగ్రత్తపడాల్సింది తీవ్రమైన అలర్జీ విషయంలో. అది చాలా అరుదు. టీకా వేశాక అరగంట కూర్చోబెట్టేది అందుకే. నియోమైసిన్, స్ట్రెప్టోమైసిన్ లాంటి మందులు పడని బిడ్డయితే ముందే చెప్పాలి.

"చుక్కలు వేయించాంగా, సూది ఎందుకు?" అనేవాళ్లకు ఒక మాట. 2016 ఏప్రిల్ 25 నుంచి మన చుక్కల్లోంచి, మూడు రకాల పోలియో వైరస్‌లలో రెండో రకాన్ని తీసేశారు. ఆ రకం నుంచి బిడ్డను కాచేది ఈ సూదే. అదే ఏడాది హైదరాబాద్ మురుగునీటిలో ఆ రకం వైరస్ బయటపడితే, జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు మూడు లక్షల మంది పిల్లలకు ఈ సూదే వేశారు. 0.1 ఎంఎల్ మాత్రమే వేస్తున్నారని అనుమానపడొద్దు. చర్మంలోకి రెండుసార్లు వేసిన ఈ చిన్న మోతాదు, ఒక్కసారి వేసిన పూర్తి మోతాదు కన్నా మెరుగ్గా పనిచేస్తుంది. తొమ్మిది నెలలు నిండాక వేసే మూడో డోసు 2023 జనవరిలో చేరింది. పెద్దబిడ్డకు లేనిది చిన్నబిడ్డకెందుకని తల్లులు అడుగుతారు, అడగడం న్యాయమే.

ఆరోగ్యశాఖకు నా విన్నపం. ఏ సూది ఎక్కడ వేశారో, దేనివల్ల ఏం రావచ్చో, ఎప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలో పెద్ద అక్షరాల తెలుగులో ఒక కాగితం టీకా కార్డుతో పాటు ఇవ్వండి. చదువురాని తల్లికి ఆశా కార్యకర్త చదివి వినిపించాలి. టీకా తర్వాత బిడ్డకు ఏదైనా పెద్ద ఇబ్బంది వస్తే, విచారణలో ఏం తేలిందో ఆ కుటుంబానికి రాతపూర్వకంగా తెలపండి.

– విశ్రాంత ఏఎన్ఎం, గుంటూరు జిల్లా