సార్, ఒక్కసారి రాత్రి రెండింటికి మా కాలనీకి రండి

పొల్యూషన్ కంట్రోల్ బోర్డు ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీర్ సార్‌కి నమస్కారం.

నేను హైదరాబాద్ దగ్గరి బొల్లారం, కాజీపల్లి ఇండస్ట్రియల్ ఏరియాల పక్కన ఉన్న ఒక కాలనీల ఉంటున్న. మీకు నా పేరు యాదికి లేకపోవచ్చు గానీ నా నంబరు మీ ఆఫీసుల అందరికీ తెలుసు, కంపెనీల నుంచి వాసన వస్తుందని అర్ధరాత్రి ఫోన్ చేసేది నేనే. ఇప్పటికి ఆరు దరఖాస్తులు ఇచ్చినం. రెండు సార్లు సోమవారం డ్యూటీకి సెలవు పెట్టి కలెక్టరేట్‌ల ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిల లైన్ల నిలబడి ఇచ్చినం, మిగతా నాలుగు మీ ఆఫీసుకే వచ్చి ఇచ్చినం. రసీదులన్నీ నా దగ్గర ఉన్నయి. ఇగ ఏడోది రాయడానికి చెయ్యి రాలేదు సార్, అందుకే పది మంది చదివేటట్టు ఇట్ల రాస్తున్న, తప్పుగా అనుకోకండి.

మొన్న మీ దగ్గర్నుంచి వచ్చిన జవాబు చదివిన సంది మనసు మనసుల లేదు. "తనిఖీ సమయంలో ఎటువంటి దుర్వాసన గమనించబడలేదు" అని రాసిండ్రు. తనిఖీకి వచ్చింది పొద్దున 11:40కి. మేము ఫోన్ చేసింది రాత్రి 1:50కి. నడుమ పది గంటలు పోయినయి సార్, గాలి అప్పటిదాకా ఒక్క కాడనే ఆగి ఉండదు కదా. వచ్చిన మీ స్టాఫ్ మంచోడే, మా ఇంట్ల చాయ్ తాగిండు, "అన్నా, నాకైతే ముక్కుకు ఏం తగుల్తలేదు, లేంది ఉన్నట్టు ఎట్ల రాయాలె" అన్నడు. ఆయన అబద్ధం చెప్పలేదు, మేమూ అబద్ధం చెప్పలేదు. కానీ ఆ సాయంత్రమే నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడినది అని. ఆ మెసేజ్ చూసినంక అదే రాత్రి మళ్ళీ వాసన వచ్చింది.

టైం రాసిపెట్టుకోండి, ఏ రోజు ఏ టైంకి వస్తుందో తెలిస్తే పట్టుకోవచ్చని మొదట్ల మీ ఆఫీసుల వాళ్ళే చెప్పిండ్రు. ఆ మాట నమ్మి రాస్తనే ఉన్నం. రెండు లాంగ్ నోట్‌బుక్కులు అయిపోయినయి, మూడోది నడుస్తున్నది. తారీఖు, టైం, ఎంతసేపు ఉన్నది, గాలి ఎటు నుంచి వచ్చింది, అన్నీ ఉన్నయి అందుల. గాలి ఎటో తెలవడానికి మా పక్కింటి పోరగాడు డాబా మీద డిష్ రాడ్‌కి ఒక చీర ముక్క కట్టిండు. ఎక్కువ శాతం రాత్రి 12 నుంచి పొద్దున 4 లోపే, శనివారం రాత్రి, ఆదివారం రాత్రి ఇంకా ఎక్కువ. పండుగ సెలవులు వస్తే చెప్పనే వద్దు. మీరు అడిగిన లెక్క దొరికింది సార్, నోట్‌బుక్కులు తీసుకొని మీ ఆఫీసుకి వస్తే మాత్రం టేబుల్ మీద పెట్టి పొమ్మన్నరు, పెట్టి పోతే మళ్ళీ దొరకవని నేను జిరాక్స్ ఇచ్చి వచ్చిన. ఆ జిరాక్స్ ఎవరన్న తెరిచి చూసిండ్రా సార్?

వాసన అంటే ఒక్కటే కాదు. ఒకరోజు కుళ్ళిన క్యాబేజీ, ఒకరోజు మురిగిన కోడిగుడ్డు, ఒకరోజు గోర్ల రంగు డబ్బా ముక్కు కాడ పెట్టినట్టు. నా బిడ్డ నాలుగో తరగతి, నిద్రల నుంచి లేచి దుప్పటి ముఖం మీదికి గుంజుకొని "డాడీ, ఇయ్యాల క్యాబేజీ" అంటది. ఆ వయసు పిల్లకు తెలవాల్సిన ముచ్చటా ఇది? కిటికీలు బంద్ చేస్తం, తలుపు కింద తడి టవల్ పెడతం, అయినా వస్తది. ఎండకాలం ఇంకా ఘోరం, ఎందుకంటే కూలర్ బయటి గాలినే లోపలికి గుంజుతది, కాబట్టి మే నెలల కూలర్ ఆపుకొని చెమటలల్ల పడుకుంటం, లేకపోతే కూలర్ పెట్టుకొని ఆ వాసన పీల్చుకుంటం, రెంట్ల ఏదో ఒకటి. మా అమ్మకు ఆయాసం, ఆమె మంచం మీద కూసొని తెల్లారేదాక గోడకు ఆనుకొనే ఉంటది, పడుకుంటే ఊపిరి అందదంటది.

ఇంకో మాట. మీ స్టాఫ్ ఫోన్‌ల గాలి నాణ్యత యాప్ చూపించిండు, ఆకుపచ్చ రంగు ఉన్నది, బాగానే ఉంది కదా అన్నడు. సార్, మీకు నాకన్నా ఎక్కువ తెలుసు, ఆ ఇండెక్స్ లెక్కల ఉన్నయి ఎనిమిది మాత్రమే, దుమ్ము రెండు రకాలు, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమోనియా, సీసం. కోడిగుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అందుల లేదు. క్యాబేజీ వాసన కొట్టే మెర్‌క్యాప్టాన్లు లేవు. మందుల కంపెనీలల్ల వాడే సాల్వెంట్లు లేవు. పైగా అందుల చాలావరకు 24 గంటల సగటు. రాత్రి రెండు గంటలు మేము ఉక్కిరిబిక్కిరి అయింది ఆ సగటుల ఎక్కడ కనబడాలె? చలికాలం రాత్రులు కింది గాలి పైకి లేవక నేల మీదనే పరుచుకొని ఉంటది, కంపెనీలు వదిలిన పొగ వదిలినట్టు ఇండ్ల మీదనే కూసుంటది. వదిలేటోళ్ళకు ఈ సంగతి తెల్వదా, తెలిసే ఆ టైంకి వదుల్తున్నరా, అది తేల్చాల్సింది మీరే.

నాలాల సంగతి ఎక్కువ రాయను, వాన పడంగనే నురగ వస్తది, మీరు ఫోటోలు చూసే ఉంటరు. 2017ల గండిగూడెం చెరువుల చేపలు చచ్చి తెల్లగా తేలినప్పుడు అందరూ వచ్చిండ్రు, ఫోటోలు దిగిండ్రు. ఈ ఏరియా కాలుష్యం కేసు సుప్రీంకోర్టుకి పోయింది 1990ల, అప్పుడు నేను పలక పట్టుకొని బడికి పోయేటోణ్ణి. 2009ల సెంట్రల్ పొల్యూషన్ కంట్రోల్ బోర్డు దేశంల కలుషితమైన ఏరియాలకు మార్కులు వేస్తే పటాన్‌చెరు-బొల్లారంకి 70.07 వచ్చింది, 70 దాటితే క్రిటికల్ అన్నరు. కంపెనీలను ఔటర్ రింగ్ రోడ్డు బయటికి పంపుతమనే మాట కూడా ఏండ్ల సంది వింటనే ఉన్నం.

కంపెనీలు మూసేయమని మేము అడుగుతలేము సార్. మా కాలనీల సగం ఇండ్లల్ల పొయ్యి వెలిగేది ఆ జీతాలతోనే, మా తమ్ముడు కూడా అక్కడే షిఫ్టులకు పోతడు. ఇది రాయాలా వద్దా అని శానా ఆలోచించిన. నేను కంప్లైంట్ పెట్టిన రెండో రోజే వాళ్ళ సూపర్‌వైజర్ తమ్ముణ్ణి పక్కకు పిలిచి "రాత్రిపూట ఫోన్లు చేసేది మీ అన్ననేనా" అని అడిగిండు. నేను ఏ కంపెనీ పేరూ చెప్పలేదు, నా పేరు, నా నంబరు ఇచ్చింది మీ ఆఫీసుల మాత్రమే. అక్కడికి ఎట్ల పోయింది సార్? ఆనాటి నుంచి మా తమ్ముడు నాతో సరిగ్గ మాట్లాడ్తలేడు. కాలనీల మిగతావాళ్ళు సంతకం పెట్టమంటే వెనక్కి తగ్గుతున్నరు, వాళ్ళను నేను తప్పు పట్టలేను.

మేము అడిగేది చిన్నది. రాత్రి రండి. ఫోన్ చేసిన గంటల మీ మనిషి ఒక్కరు గాలి కొలిచే మిషన్ పట్టుకొని వస్తే చాలు, దగ్గర్ల అసొంటి మిషన్ ఉన్న ఒక బండిని రాత్రిపూట పెడితే ఇంకా మంచిది. నీళ్ళ శాంపిల్ తీసినప్పుడు రెండు భాగాలు చేసి సీల్ వెయ్యాలని 1974 చట్టంలనే ఉన్నది, అది కాలనీ మనుషుల ముందల చెయ్యండి, రిపోర్ట్ కాపీ మాకూ ఇవ్వండి. ఫిర్యాదు చేసినోళ్ళ పేర్లు బయటికి పోనియ్యకండి. ఆఫీసుల కూసొని పరిష్కరించబడినది అని మెసేజ్ పెట్టకండి, అది చూస్తే కడుపు మండుతది. రాత్రి రండి సార్, నేనే గేటు కాడ నిలబడ్త, ఎన్ని గంటలైనా నిలబడ్త.

ఇది రాస్తుంటేనే 1:20 అయింది. డాబా మీద చీర ముక్క మా దిక్కే కొట్టుకుంటున్నది, లోపల అమ్మ లేచి కూసున్నది. నోట్‌బుక్‌ల రాసి మీ నంబరుకి చేస్తున్న, ఈసారన్న ఎత్తండి.